దివానుగారి ఇంటి నుంచి పరుగు పందేనికి

మా ముత్తాతగారు శ్రీకాకుళం వైపు ఒక చిన్న జమీందారీకి దివాను. మా తాతగారు ఆ దివానుగారికి పెద్దకొడుకు. పెద్దకొడుకుగా ఉండటమే ఆయన ఉద్యోగం. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా నాయనమ్మ పుట్టింటికి వెళ్తే బోయీలు పల్లకీ మోసేవారు. మా వంశంలో పరుగెత్తినవాళ్ళు లేరు. మాకోసం పరుగెత్తేవాళ్ళు ఉండేవారు. జమీందారీలు పోయాక మా నాన్నగారు ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరారు. ఆయన కూడా కదులుతున్న బండి కోసం పరుగెత్తేవారు కాదు. తరువాతి బండికి వెళ్ళేవారు.

అటువంటి ఇంట్లో పుట్టి, ఎనభైల చివర్లో, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, నేను ఖరగ్‌పూర్‌లోనే నిమ్‌పురా మైదానంలో పదిమంది ముందు పరుగెత్తాను.

దానికి కారణం మా ఎదురు క్వార్టర్సులో ఉండే ఆవిడ. భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మావారూ రైల్వేలోనే. చలికాలంలో రైల్వే కుటుంబాలకు ఆటల పోటీలు పెట్టేవారు. ఆడవాళ్ళకు కుర్చీలాట, నోట్లో చెంచా పెట్టుకుని నిమ్మకాయ మోయడం, చివర్లో పరుగు పందెం. పేర్లు రాయించుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు మా గుమ్మం దగ్గర ఆగితే, ఆవిడ తన గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ అందరికీ వినపడేలా అంది.

"ఆరినేటి అడుగుతారు బాబూ? ఆరింట్లో పల్లకీ లేందే అడుగెయ్యరు."

వెంటనే పరుగు పందేనికి నా పేరు రాయించాను. తలుపు వేసుకున్నాక గుర్తొచ్చింది, నేను పరుగెత్తలేనని. కాళ్ళలో బలం లేక కాదు. రెండో కాన్పు తరువాత గట్టిగా తుమ్మితే చాలు, లోపలి లంగా మార్చుకోవలసి వచ్చేది. ఈ సంగతి మావారికి కూడా చెప్పలేదు. మరునాడు పొద్దున్నే పెరట్లో కుళాయి దాకా పరుగెత్తి చూశాను. కుళాయి దాకా కూడా అక్కర్లేకపోయింది.

పేరు వెనక్కి తీసుకుంటే ఎదురింటావిడ మాట నిజమవుతుంది. పరుగెత్తితే కాలనీ మొత్తం ముందు చీర తడుస్తుంది. ఈ రెండింటికీ మధ్య దారేమన్నా ఉందేమోనని హాస్పిటల్లో లేడీ డాక్టర్ దగ్గరకు వెళ్ళి, నా స్నేహితురాలికి ఇలా ఉందని చెప్పాను. ఆమె బెంగాలీ ఆవిడ. నవ్వకుండా విన్నది. మూత్రాన్ని మధ్యలో ఆపేటప్పుడు ఏ కండరం బిగుస్తుందో, దాన్నే ఉత్తప్పుడు బిగించి, కాసేపు ఉంచి, వదలాలని, రోజూ చేస్తే కొన్ని నెలల్లో గుణం కనిపిస్తుందని చెప్పింది. నా స్నేహితురాలికి అంత వ్యవధి లేదన్నాను. "ఠీక్ హై దీదీ, ఆమెను ఈరోజే మొదలుపెట్టమనండి" అని నా ముఖం వంక చూసింది.

మొదలుపెట్టాను. రేషను వరసలో, కోవెల్లో హారతి దగ్గర, పేరంటాల్లో, ఎక్కడ పడితే అక్కడ బిగించి నిలబడేదాన్ని. నడుము నిటారుగా అయ్యేది, పెదాలు ముడుచుకునేవి, చూపు ఎక్కడో నిలిచేది. నాకు పొగరు ముదిరిందని కాలనీలో చెప్పుకున్నారు. మా వాళ్ళ ముఖాలు తరతరాలుగా అలాగే ఉండేవి కనుక నేనేమీ నొచ్చుకోలేదు.

పందెం రోజున తెల్లవారుజాము నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. నాయనమ్మ పెళ్ళిపట్టు కట్టుకున్నాను. అది వంకాయరంగు, దళసరి నేత. తడిసినా బయటికి కనబడదు. నేను కాఫీ వద్దనడం, టీ వద్దనడం, పైగా పట్టుచీరలో రావడం చూసి ఆడవాళ్ళంతా నేను ఏదో మొక్కు మొక్కుకుని నిర్జలంగా ఉపవాసం ఉన్నానని తేల్చేశారు. కాదంటే అసలు కారణం చెప్పాలి. ఊరుకున్నాను.

అదే తప్పయింది. పందేనికి పిలిచేముందు ఎదురింటావిడ చెమ్మగిల్లిన కళ్ళతో పెద్ద కొబ్బరిబొండం పట్టుకొచ్చింది.

"ఉపోసంలో బొండంనీళ్ళకి దోసం లేదంట, ఇచ్చినోల్లకి పున్నెమంట. నాను ఆ రోజన్న మాట మనసులో ఎట్టుకోకండి, అమ్మగోరూ. తాగీండి."

చుట్టూ అందరూ చూస్తున్నారు. క్షమాపణగా ఇచ్చింది కాదనడం మా ఇంట్లో లేదు. అడుగుదాకా తాగాను. ఆవిడా పందెంలో ఉంది కనుక తనూ ఒకటి తాగింది.

వరసలో నిలబెట్టాక, బహుమతులివ్వవలసిన ఆఫీసరుగారు ఇంకా రాలేదని తెలిసింది. పందెం మొదలుపెట్టేది ఒక గార్డుగారు. నిజమైన పచ్చజెండా పట్టుకుని, సిగ్నలు పడని గూడ్సు బండి దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆయన నిలబడినంతసేపూ నా కొబ్బరినీళ్ళు ప్రయాణం చేస్తూనే ఉన్నాయి. డాక్టర్ చెప్పిందంతా చేశాను. చివరికి జీపు వచ్చింది, జెండా ఊగింది.

సగం దూరం బాగానే సాగింది. అందరికన్నా ముందున్నాను. ఆ తరువాత నాకు గెలుపు మీద ధ్యాస పోయింది. తాడు పట్టుకున్న మనుషుల వెనక, షామియానా పక్కన, ఇటుకలతో కట్టిన చిన్న గది ఒకటి కనబడింది. మైదానం మొత్తానికి ఆడవాళ్ళకు ఉన్నది అదొక్కటే. అప్పుడు ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. తాడు ఛాతీకి తగిలింది, ఆగలేదు. ఆఫీసరుగారు చప్పట్లు కొడుతూ ఎదురొచ్చారు. ఆయన పక్కనుంచి పోయాను. గది తలుపు గడియ వేసుకున్నాక బయట దబదబా అడుగులు వినబడ్డాయి. పందెంలోని తల్లులెవరూ తాడు దగ్గర ఆగలేదు. తలుపు మీద మొదట కొట్టింది ఎదురింటావిడ.

"అప్పా, మీక్కూడానేటి? బేగి రండప్పా. నాకు సిన్నదాన్ని కన్నకాణ్నుంచీ ఇదే."

గబగబా చీర సర్దుకున్నాను. వచ్చి తలుపు తీసి ఆమెకు దారి ఇచ్చాను. అప్పటికే కొంత జరిగిపోయింది, చీర దాచుకుంది. వేదిక ఎక్కి, వెన్ను వంచకుండా, స్టీలు బిందె అందుకున్నాను. ఆఫీసరుగారు నా పట్టుదలను మెచ్చుకున్నారు.

మర్నాటి నుంచి మేమిద్దరం పొద్దున్నే మైదానం చుట్టూ తిరిగేవాళ్ళం. కాసేపు నడక, కాసేపు పరుగు. డాక్టర్ చెప్పింది ఆవిడకూ నేర్పాను. ఇద్దరం మాటలాపి బిగించినప్పుడు, ఎదురొచ్చే వాళ్ళు మాకు గొడవైందనుకునేవారు. వేసవి వచ్చేసరికి ఇద్దరం ఒక చుట్టు ఆగకుండా, పొడిగా పరుగెత్తగలిగాం.

పట్టుచీరను నాలుగు నీళ్ళలో జాడిస్తే రంగు దిగి, జరీ నల్లబడింది. మళ్ళీ మడికి కట్టలేదు. మా ఊళ్ళోనే పూరీ గేట్ అనే రైలు గేటు దగ్గర పాత జరీ కొనేవాడికి అమ్మేశాను.