మా అమ్మ పెంటగుంత

పొద్దున్నే చెత్త ఆటో మా సందు మలుపు తిరిగిందంటే, దాని పాటకంటే ముందు దాని వాసన మా వాకిట్లోకి వస్తుంది. మురిగిన అరటి తొక్కలు, పులిసిన అన్నం, తడిసిన అట్టముక్కలు అన్నీ కలిసిన వాసన. ఆటో వెంట వచ్చే పిల్ల, "అవ్వా, తడి చెత్త వేరే, పొడి చెత్త వేరే ఎయ్యాలె, యాదికున్నదా?" అని రోజూ అడుగుతుంది. ఉందమ్మా అంటాను. సందులో అందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన రాగానే మా అమ్మ వచ్చి నిలబడినట్టే ఉంటుంది.

బాపుకు బొగ్గుబాయిలో పని దొరికి, కమాన్‌పూర్ దిక్కు పల్లె నుంచి మేము గోదావరిఖని క్వార్టర్లకు వచ్చినప్పుడు నేను ఇంకా లంగా జాకెట్టు పిల్లను. వరసగా ఒకే తీరు ఇండ్లు, ఒకే తీరు తలుపులు. కొత్తలో నీళ్ల బిందెతో పక్కింట్లోకి నేరుగా వంటింటి దాకా పోయి నవ్వులపాలయ్యాను. పొద్దుగూకే వేళకు ప్రతి వాకిట్లో, పాత బకెట్‌కు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్లు. చలికాలంలో ఆ పొగ వరసంతా కమ్ముకుంటే, ఎవరి బాపు డ్యూటీ దిగి వస్తున్నాడో దగ్గును బట్టి గుర్తుపట్టేవాళ్లం.

మా ఇంట్లో పారేసేది అంటూ ఉండేది కాదు. బాపు చిరిగిన ఖాకీ నిక్కర్లు బొంతలోకి పోయేవి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల నీళ్లు వెనక వరసలో బర్రెలున్న వాళ్ల కుడితి గోళెంలోకి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఉండచుట్టి గోడ సందులో దోపితే, సూదులూ పిన్నీసులూ అమ్మే ఆమె వచ్చి తీసుకునిపోయేది. పొయ్యిలో బూడిదను అమ్మ జల్లెడ పట్టి, కాలీకాలని బొగ్గులు ఏరి, మెత్తటి బొగ్గుపొడిని పేడతో పిసికి ఉండలు కట్టించేది. ఎవరి ఉండలు గుండ్రంగా వస్తే వాళ్లకు బెల్లంముక్క. మోచేతుల దాకా నల్లగా ఉన్న మేము ఆ బెల్లం నాలికతోనే అందుకునేవాళ్లం.

అన్నీ ఉన్నా అమ్మకు ఒక్కటే వెలితి. ఊళ్లో ప్రతి ఇంటి వెనకా పెంట ఉండేది. ఇల్లు ఊడ్చింది, పశువుల కొట్టం ఎత్తింది, తొక్కా తోలూ అన్నీ అందులో పడి, ఏడాది తిరిగేసరికి బండ్లకెత్తి చేనుకు పోయేవి. ఇక్కడ అందరూ వరస చివర పోసేవాళ్లు. కుక్కలు, పందులు, ఈగలు. "పెంట లేని ఇల్లు ఏమిల్లు?" అని అమ్మ గునపం తెచ్చింది. బాపు తలపట్టుకున్నాడు.

"దినమంత భూమిల తవ్వి వస్తి. ఇంటికొచ్చి గూడ తవ్వాల్నానే?"

"ఆడ తవ్వితే బొగ్గెల్తది. ఈడ తవ్వితే కూరెల్తది. తవ్వు" అంది అమ్మ.

తవ్వాడు. కానీ మొదటి వానకాలం అమ్మ పెద్ద పొరపాటు చేసింది. ఊళ్లో కట్టెల పొయ్యి బూడిద చల్లితే కూరమొక్కలకు పురుగు పట్టదు, బలం కూడా. అదే అలవాటుతో ఇక్కడ పెరట్లో గుంత పక్కన బొగ్గుల బూడిద గంపలకొద్దీ పోసి బీరగింజలు పెట్టింది. మొలకలు రెండాకులేసి మాడిపోయాయి. పక్కింటి రాజవ్వ దడి మీదుగా తొంగిచూసి, "బాయికాడ ఎవుసం జేస్తదట పటేలమ్మ! మొలకలకు గూడ నైట్ షిఫ్టు ఏసినవా ఏందే, నల్లవడ్డయ్?" అంది. వరసంతా నవ్వింది.

అమ్మ బూడిద కుప్పలున్న చోటల్లా తిరిగి చూసింది, అక్కడ గడ్డి కూడా మొలవలేదు. ఆ రోజునుంచి రెండు గంపలు పెట్టింది. బూడిద గంప వేరు. అది గిన్నెలు తోమడానికి, వానకు బురదయ్యే బాటలో పరవడానికి. తొక్కల గంప వేరు, అది గుంతకు. తప్పి ఒక దాంట్లోది ఇంకో దాంట్లో వేస్తే వీపు మీద దెబ్బ పడేది.

మరుసటి వానకాలం గుంత నిండా నీళ్లు దిగి కంపు లేచింది. ఆడవాళ్లంతా మా వాకిట్లోకి వచ్చారు, ముందు రాజవ్వ. "పిల్లలు అన్నం తింటలేరు. పూడుస్తవా, మమ్మల్నే పూడ్వమంటవా?" బాపు తల దించుకుని, "మూసెయ్యరాదు, పదిమందిల ఇజ్జత్ పోతాంది" అన్నాడు. ఇంట్లో మనిషి కూడా అటే అయ్యేసరికి అమ్మ ముఖం చూడలేకపోయాను.

"సద్దుల బతుకమ్మ దాంక ఆగుండ్రి" అంది అమ్మ. "అప్పటికి ఈ గుంత మీద ఒక్క పువ్వన్న పుయ్యకపోతే నా చేతుల్తోనే పూడుస్త."

ఆ మర్నాటినుంచి అమ్మ, నేను గోనెసంచులతో వేపచెట్ల కింద ఎండుటాకులు ఊడ్చి తెచ్చేవాళ్లం. ఒక పొర తొక్కలు, ఒక పొర ఆకులు, పైన గంపెడు మట్టి. వాసన తగ్గింది. ఈగలు తగ్గాయి. ఒకనాడు గుంత అంచున, ఎప్పుడో కూర తరిగి పారేసిన గుమ్మడి గింజ తనంతట తానే లేచింది. దానికి తాడు కట్టి ఎక్కిస్తే మా కప్పు దాటి రాజవ్వ కప్పు మీదికి కూడా పాకింది. ఆకులే ఆకులు. పువ్వు మాత్రం లేదు. పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ వచ్చినా లేదు. అమ్మ పొద్దున్నే లేచి మెడ పైకెత్తి చూసేది, ఎవరూ చూడకముందే లోపలికి వచ్చేసేది.

పండుగ చివరి రోజు, సద్దుల నాటి తెల్లవారుజామున నన్ను లేపింది వంటింట్లో వేగుతున్న నువ్వుల వాసన కాదు, రాజవ్వ గొంతు. వాకిట్లో నిలబడి, ముఖం పక్కకు పెట్టుకుని, "చెల్లే, గౌరమ్మను జెయ్యాలె. గుమ్మడి పువ్వు యాడ దొర్కలే. నీ తీగెకు పూసినయి" అంది. బయటికి ఉరికాను. రెండు కప్పుల మీదా పసుపు రాసినట్టు పూలు విచ్చుకున్నాయి.

"నీ ఇంటి మీదియి నన్నడుగుడేందక్కా, కోసుకో" అంది అమ్మ. "వరసల అందరికి సాలుతయ్."

ఆ సాయంత్రం మా వరస బతుకమ్మలన్నిటి మీదా కూర్చున్న గుమ్మడిపువ్వు గౌరమ్మ మా గుంతలోంచి వచ్చిందే. అమ్మ ఆడుతుంటే నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ చలికాలం రాజవ్వ పెనిమిటి గునపం పట్టాడు. తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. ఎవరు కొత్తగా గుంత తవ్వినా అమ్మను పిలిచి, బూడిద ఎటు, తొక్క ఎటు అని అడిగేవాళ్లు. అక్షరమ్ముక్క రాని మా అమ్మ నడుముకు చెంగు దోపి, వరసకంతటికీ పాఠం చెప్పింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, కూలగొట్టారు. సాయంత్రం పొగ లేదు, దగ్గుతో గుర్తుపట్టే మనుషులూ లేరు. మొన్న మనవరాలిని తీసుకుని వెళ్తే అంతా సిమెంటు పెళ్లలు, తుమ్మకంపలు. మా ఇల్లు ఏదో తెలియక చాలాసేపు తిరిగాను. ఒక్కచోట నడుమెత్తు గడ్డి. కాలివేలితో గీరితే నేల మెత్తగా, నల్లగా, అటుకుల పిండిలా విడిపోయింది. ఇదే మా ఇల్లు అన్నాను.

"తలుపు లేదు, గోడ లేదు, ఇదే మీ ఇల్లని ఎట్ల జెప్తవ్ అమ్మమ్మా?" అంది పిల్ల.

వంగి ఒక పిడికెడు తీసి దాని చేతిలో పెట్టాను.

"మా అమ్మ చేసిన మన్ను బిడ్డా ఇది" అన్నాను.