గుమ్మం దాటని తుపాకీ

పొద్దున్న ఏడుంబావు రైలుకు మొగుడికి డబ్బా కట్టిచ్చి పంపే సుమతి, ఆయన పోయిన ఆర్నెల్ల నుంచీ తొమ్మిదింటికి తుపాకీ కోసం ఎదురుచూస్తోంది. తుపాకీ పరంధామయ్యది. నేపర్‌విల్ ఊరు మొత్తం మీద లైసెన్సు పుచ్చుకుని, చొక్కా కింద నడుముకు తుపాకీ పెట్టుకుని, దాని పుణ్యమా అని ఏ గుమ్మమూ దాటలేని మనిషి ఆయనొక్కడే.

పెరట్లో ఓ నక్క కనబడిందని కొన్నాడు. తుపాకీ ఇంటికొచ్చిన రోజు నుంచి నక్క రావడం మానేసింది. దానికి కబురెవరు చెప్పారో. లైసెన్సు కోసం పదహారు గంటల క్లాసుకు వెళితే, మిగతావాళ్ళు గురి నేర్చుకున్నారు. ఈయన తుపాకీ తీసుకెళ్ళకూడని చోట్ల పట్టిక కంఠతా పట్టుకొచ్చాడు. సర్కారు ఆఫీసు, కోర్టు, లైబ్రరీ, బడి, ఆస్పత్రి, రైలు, బస్సు, పార్కు.

"ఇంకేం మిగిలిందండీ?" అని అడిగాడు ఒకసారి సుమతి భర్త జగన్మోహన్.

"మా హాలు. అక్కడ మా ఆవిడ చాముండేశ్వరి ఒప్పుకోదు."

జగన్మోహన్ పోయాక కాగితాల పనులు వచ్చి పడ్డాయి. స్నేహితుడి భార్యను ఆఫీసులకు తిప్పే భారం పరంధామయ్య తన మీద వేసుకున్నాడు. మొదటి రోజు పింఛన్లు చూసే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ముందు కారాపి, అద్దాల తలుపు మీది చీటీ చూపించాడు. ఎర్ర సున్నాలో నల్ల తుపాకీ, దాని మీద అడ్డగీత.

"చెల్లెమ్మా, నేను కారు దిగకూడదు. దిగితే నేరం."

"కార్లో పెట్టి తాళం వేసుకోవచ్చని మీరే చెప్పారు కదా అన్నయ్యగారూ."

"చట్టం ఒప్పుకుంటుంది. నా మనసు ఒప్పుకోదు. ఎవడో అద్దం పగలగొట్టి ఎత్తుకుపోతే?"

"పోనీ ఇంట్లో పెట్టి రావలసింది."

"ఇంట్లో పెట్టుకోడానికైతే లైసెన్సెందుకమ్మా?"

సుమతి ఫైలు గుండెకు కరుచుకుని లోపలికి పోయింది. ఇరవయ్యెనిమిదేళ్ళు ఏ ఆఫీసు కిటికీ దగ్గరైనా జగన్మోహనే మాట్లాడాడు. ఆమె పని కుర్చీలో కూచుని సంచీ కాయడం. ఆ రోజు సంచీ కాసేవాళ్ళు లేరు, మాట్లాడేవాళ్ళూ లేరు. రెండు గంటల తరవాత ముద్ర వేసిన కాగితంతో బయటికొచ్చింది.

"అయిందా? నేనొస్తే పది నిమిషాల్లో అయ్యేది," అన్నాడు పరంధామయ్య, సీటు వెనక్కి వాల్చుకుని పల్లీలు నములుతూ.

సుమతికి ఒళ్ళు మండిపోయింది. తోడొచ్చి తలుపు దగ్గర ఆగిపోయే తోడు ఎందుకూ అనుకుంది. కానీ తోడు అదొక్కటే ఉంది.

తరవాత కౌంటీ ఆఫీసు. తరవాత కోర్టు. కాగితంలో తప్పు పడిందని మళ్ళీ కోర్టు. ప్రతిచోటా ఆయన కుడి నడుము తట్టుకోవడం, "నాకు ప్రవేశం లేదు చెల్లెమ్మా," అనడం, పల్లీలు తీయడం. రానురాను ఆమెకూ మాట పెరిగింది.

"ఇవాళైనా దానికి సెలవివ్వలేకపోయారా?"

"దానికి సెలవులుండవమ్మా."

"పనీ ఉండదుగా."

జనవరికి అసలు పని మిగిలింది. డ్రైవింగ్ లైసెన్సు. అంతకుముందు రెండుసార్లు సుమతి పరీక్షకు చాముండేశ్వరి కార్లో వెళ్ళింది. ఆవిడ దారిపొడుగునా ధైర్యం చెప్పి చెప్పి భయపెట్టేసింది. రెండుసార్లూ సుమతి తప్పింది. సన్నీవేల్ నుంచి కూతురు స్మృతి ఫోన్ చేసింది.

"డ్రైవింగ్ రాకుండా అక్కడ అలోన్‌గా ఎలా ఉంటావమ్మా? ఈసారి కూడా ఫెయిలైతే హౌస్ సేల్‌కి లిస్ట్ చేసేద్దాం. మా దగ్గరికి వచ్చెయ్."

కూతురు అన్నదాంట్లో తప్పు లేదు. కానీ అది ఆయనతో కాపురం చేసిన ఇల్లు. గోడలకు ఆయన వంకరగా కొట్టిన మేకులు కూడా ఆమెకు కావాలి.

పరీక్షకు పరంధామయ్య తన కారే తెచ్చాడు. లైసెన్సు ఆఫీసు దగ్గరికి వచ్చాక గాని ధర్మసంకటం తెలియలేదు. పరీక్షకు కారు కావాలి. కారులో సర్కారు ఉద్యోగి కూచుంటుంది. ఇక తుపాకీ కార్లో ఉండరాదు, ఆయన లోపలికి పోరాదు, పార్కింగులో నిలబడరాదు.

"మరి మీరు?"

"రోడ్డు మీద చట్టం నన్నేం చేయలేదు," అని దిగి, మంచులో బూట్లు కూరుకుంటూ రోడ్డవతలి కాలిబాట మీదికి నడిచాడు. చలికి గెంతుతున్నాడు. గెంతినప్పుడల్లా నడుము పట్టుకుంటున్నాడు. ఆ దృశ్యం చూసి సుమతికి నవ్వాగలేదు. నవ్వుతోనే పరీక్ష భయమూ పోయింది.

నలభై నిమిషాల తరవాత, చేతిలో తాత్కాలిక లైసెన్సు కాగితంతో, జీవితంలో మొదటిసారి ఒంటరిగా కారు తోలుకుంటూ పార్కింగు దాటి వచ్చింది. కాలిబాట పక్కన పోలీసు కారు ఆగి ఉంది. నడుము పట్టుకుని గెంతే ముసలాయన గురించి ఎవరో ఫోన్ చేసినట్టున్నారు.

సుమతి కారాపి పరిగెత్తింది.

"ఆఫీసర్, హి ఈజ్ మై బ్రదర్. హి ఈజ్ వెయిటింగ్ ఫర్ మి. హి ఈజ్ ఎ గుడ్ మాన్. హి హాజ్ లైసెన్స్, ఐ ఆల్సో హావ్ లైసెన్స్."

అన్ని ఇంగ్లీషు వాక్యాలు ముందుగా మనసులో కూర్చుకోకుండా ఎప్పుడూ పలకలేదు. పోలీసతను మర్యాదగా తలూపి, పరంధామయ్య వైపు తిరిగి, ఇప్పుడు మీ దగ్గర తుపాకీ ఉందా అని అడిగాడు.

లైసెన్సు ఉన్నవాడు పోలీసు అడిగితే నిజం చెప్పి తీరాలి. క్లాసులో అదీ చెప్పారు. పరంధామయ్య సుమతి వైపు చూశాడు, పోలీసు వైపు చూశాడు, మంచు వైపు చూశాడు.

"నో సర్. ఎట్ హోమ్."

నడుము దగ్గర ఎత్తుగా ఉన్నదేమిటంటే, తీసి చూపించాడు. కళ్ళజోడు డబ్బా.

పోలీసు వెళ్ళిపోయాక సుమతి స్టీరింగు ముందు కూచుంది. ఆయన పక్క సీట్లో, తప్పుచేసినవాడిలా.

"ఎన్నాళ్ళ నుంచి ఇంట్లో పెడుతున్నారు?"

"మొదటి రోజు నిజంగానే ఉందమ్మా."

"తరవాత?"

"నా నోటి సంగతి నీకు తెలుసు. లోపలికొస్తే మొత్తం నేనే మాట్లాడేస్తాను. నువ్వు సంచీ పట్టుకుని కూచుంటావు. ఆ రోజు నువ్వొక్కదానివే వెళ్ళి పని చేసుకొచ్చావు. ఆ సాకు ఒక్కటీ చాలు కదా, ఇనుము మోయడం ఎందుకని..."

"ఇవాళైనా లోపల కూచోవలసింది, ఆఫీసులో హీటర్ ఉంది అన్నయ్యగారూ."

"నేను కిటికీలోంచి కనబడితే నువ్వు రోడ్డు మానేసి నన్ను చూస్తావు."

సుమతి హీటరు పెంచి, ఎడమ సిగ్నల్ వేసింది.

ఇంటికొచ్చాక స్మృతికి కబురు చెప్పింది. కూతురు సంతోషపడి, జగన్మోహన్ కారు ఆమె పేరుకి మార్చుకుంటే ఇంక ఎవరి మీదా ఆధారపడక్కర్లేదంది. కౌంటర్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు, ఫారం నింపి పోస్టులో పంపితే చాలంది.

సుమతి ఫారం నింపింది. సంతకం చేసింది. కవరులో పెట్టి, తపాలా బిళ్ళ అంటించకుండా సొరుగులో పడేసింది. మంగళవారం ఆఫీసుకే వెళ్ళి ఇస్తుంది. బయట కూచోడానికి అన్నయ్యగారికీ ఏదో ఒక గుమ్మం ఉండాలి కదా.