వేషాల కొట్టులో అక్క

ఆ కంపెనీలో ఉన్నది ముగ్గురే: అక్క, బావ, తమ్ముడు. తమ్ముడి నోటి వరసలే చుట్టుపక్కల అందరికీ అలవాటైపోయాయి. కింద టైర్ల షాపు కుర్రాళ్ళ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఆమెను "అక్కా" అనే పిలుస్తారు. ఆ పిలుపుకు నోచుకోనిది ఆమె భర్త ఒక్కడే. ఆయన "ఏమోయ్" అంటాడు.

వాళ్ళ పని డేటాబేస్‌లు తయారుచెయ్యడం. కొట్టయినా, క్లినిక్ అయినా, ఏది ఎక్కడుంది, ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తిరిగిస్తారు అన్నదంతా కంప్యూటర్లో పెట్టి, అడగ్గానే చెప్పేలా చేస్తారు. అందరికీ ఒకటే అంటగట్టరు. ఎవరి కొలతలు వాళ్ళకు తీసి కుట్టినట్టు, ఎవరి పనికి తగ్గట్టు వాళ్ళకు చేస్తారు. లోపలి యంత్రాంగమంతా బావ రాస్తాడు. పైకి కనబడే స్క్రీన్లు తమ్ముడు తీర్చిదిద్దుతాడు. అక్కది అడిగే పని.

పెళ్ళికి ముందు ఆమె బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో కూర్చునేది. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఎందుకు రాలేదో, అసలు వస్తుందో రాదో చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయేది. ఈ పనిలోకి వచ్చాక ఎవరైనా "కష్టంగా లేదా?" అంటే, "ఇన్నాళ్ళూ జవాబులు చెప్పాను. ఇప్పుడు నా వంతు వచ్చింది, అడుగుతున్నాను. పండగలా ఉంది" అనేది.

అయితే ఆమెకు ఫోన్లో అడగడం గిట్టదు. ఎంత దూరమైనా వెళ్ళి, వాళ్ళ పక్కన ఓ కుర్చీ వేసుకుని కూర్చుంటేగానీ తృప్తి ఉండదు.

"ఫోన్ చేస్తే పోయేదానికి పెట్రోలెందుకు తగలెయ్యడం?" అని బావ ప్రతిసారీ సణుగుతాడు. కారెక్కితే ఆయనకు కడుపులో తిప్పుతుంది.

"ఫోన్లో వాళ్ళు చేసే పని చెప్పరండీ. చెయ్యాలనుకునే పని చెబుతారు. రెండూ ఒకటి కాదు" అంటుంది అక్క.

అది ఆమెకు పశువుల డాక్టరు దగ్గర తెలిసొచ్చింది. ఆ ఒక్క పనీ ఫోన్ మీదే కానిచ్చారు. సూది మందు వేయించుకోవాల్సిన పేషెంట్లందరికీ ఉత్తరాలు వెళ్ళేలా బావ చక్కగా ఏర్పాటు చేశాడు. తీరా చూస్తే, పేషెంట్లంటే పిల్లులూ కుక్కలూను. "గౌరవనీయులైన బుజ్జిగారికి, మీరు వెంటనే వచ్చి సూది వేయించుకోగలరు" అని ఊరంతా ఉత్తరాలు వెళ్ళాయి. ఓ పెద్దాయన పిల్లిని చంకనేసుకొచ్చి, "ఉత్తరం దీని పేరున వచ్చింది. చదివి వినిపించాను. రానంటోంది" అన్నాడట. డాక్టరుకు కోపం రావాల్సింది పోయి నవ్వాగలేదు. ఆ ఉత్తరాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ముందు ప్రయాణం, తర్వాతే పని.

వేషాల కొట్టు పని వచ్చింది అలా తిరుగుతున్న రోజుల్లోనే. నాటకాల వాళ్ళకు దుస్తులు అద్దెకిచ్చే కొట్టది. ఒకప్పటి పిండిమిల్లులో మూడంతస్తుల నిండా గౌన్లు, కోట్లు, కిరీటాలు, తోకలు, రెక్కలు. మెట్ల మలుపులో తలలేని గుర్రం ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని ఒరుసుకోకుండా పైకి వెళ్ళడం కుదరదు. కొట్టు నడిపేది ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడ కౌంటర్లో, చిన్నావిడ నిచ్చెన మీద. భర్తలిద్దరూ వెనక కుట్టుమిషన్ల గదిలో తలుపేసుకుని ఉంటారు. ఆడవాళ్ళ మాటల్లో తలదూర్చరు. కొట్టు పెట్టిన మావగారు కిటికీ దగ్గర కూర్చుని గుండీలు కుడుతూ ఉంటాడు. గుబురు కనుబొమలు, భారీ మనిషి. మాట్లాడితే గోడలు అదురుతాయి గానీ మాట్లాడేది తక్కువ.

మొదటిరోజే చిక్కొచ్చి పడింది. తమ్ముడు ఎర్రకోటు ఒకటి తీసి, "దీని పేరేం రాయమంటారు?" అన్నాడు.

"సేనాపతి" అంది పెద్దావిడ.

"టమాటా" అంది చిన్నావిడ నిచ్చెన మీంచి.

పెద్దావిడకు ఆ దుస్తులు మొదట ఏ వేషానికి కుట్టారో అదే పేరు. చిన్నావిడకు చూడగానే ఏది గుర్తొస్తే అది పేరు. ఒకరి మహారాణి ఇంకొకరికి చిలక. ఒకరి శోకదేవత ఇంకొకరికి దుప్పటి.

"ఒక వస్తువుకు ఒకటే పేరుండాలండీ. ఎవరో ఒకరు తగ్గాలి" అన్నాడు బావ.

"నేనెందుకు తగ్గాలి? నేను పెద్దదాన్ని" అంది పెద్దావిడ.

"నిచ్చెనెక్కి దింపేది నేను కదక్కా!" అంది చిన్నావిడ.

మధ్యాహ్నానికి మాటా మాటా పెరిగింది. సాయంత్రానికి మాటలే లేవు. "నిచ్చెన మీదున్నావిడతో చెప్పు", "కౌంటర్లో ఉన్నావిడతో చెప్పు" అని ఇద్దరూ తమ్ముడి చేత కబుర్లు మోయించారు. వాడి తలప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు అక్క ఎవర్నీ ఏమీ అడగలేదు. కొంగు దోపుకుని నిచ్చెన పట్టుకుని నిలబడింది. బేరం వచ్చినప్పుడల్లా ఏం జరుగుతోందో చూసింది. బేరం ముందు మాత్రం ఇద్దరికీ అలక గుర్తుండదు. పెద్దావిడ కిందనుంచి "సేనాపతీ!" అని కేకేస్తుంది. పైనుంచి చిన్నావిడ "టమాటా వస్తోంది, కాచుకో!" అంటుంది. ఎర్రకోటు గాల్లో తేలుతూ వచ్చి పెద్దావిడ చేతుల్లో పడుతుంది. ఒక్కసారి కూడా ఒకటడిగితే ఇంకొకటి రాలేదు.

రాత్రి బస చేసిన చోట భోజనాల దగ్గర అక్క అంది: "వాళ్ళ మధ్య గొడవేం లేదండీ. పెట్టింది మనమే."

"పేరు ఒకటి ఖాయం చెయ్యకపోతే ఎలా వెతుకుతుందోయ్ కంప్యూటర్?" అన్నాడు బావ.

"నన్ను మీరేమని పిలుస్తారు?"

"ఏమోయ్ అని."

"వీడు?"

"అక్కా అని."

"మా అమ్మ?"

"చిట్టీ అని."

"మరి మీ ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఎవరో ఒకరు తగ్గండి అన్నానా? ఎవరెలా పిలిచినా నేను పలుకుతున్నానా లేదా?"

బావ నోట్లో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. "మనిషికి ఒక నంబరు..." అన్నాడు మెల్లగా. "పిలుపులకు వేరే పట్టిక. ఎన్నయినా ఉండొచ్చు. అన్నీ ఆ నంబరు దగ్గరికే వస్తాయి." గభాలున లేచి చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ తీశాడు.

"నాకు నంబరేమిట్రా?" అని అక్క తమ్ముడి వంక చూసి నవ్వింది.

ఇక పని పరుగెత్తింది. బట్టలన్నీ దింపి, దులిపి, నంబర్లు కుట్టి, కొత్త వరసలో సర్దారు. కౌంటర్లో ఒక కంప్యూటరు, పైన ఒక కంప్యూటరు పెట్టారు. ఎవరికి తోచిన పేర్లు వాళ్ళు, తీరికగా, ఎవరి దగ్గర వాళ్ళు ఎక్కించుకోమన్నారు. తోడికోడళ్ళు మళ్ళీ ఒకరి చేతి టీ ఒకరు తాగారు. చిన్నావిడ టైపు చేస్తూ తనలో తనే కిసుక్కున నవ్వుకునేది. పెద్దావిడ టైపు చేసేటప్పుడు ఎవరైనా వెనక్కి వస్తే స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టేది. "మీ పేర్లు మీ ఇష్టం పెద్దమ్మగారూ, మేం చూడంలెండి" అనేది అక్క.

అంతా అప్పజెప్పి బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే ఓ నాటకాల ఆవిడ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. పిల్లల నాటకం, మధ్యాహ్నమే ఆట. టిక్కెట్లన్నీ అయిపోయాయి. ఎలుగుబంటి తలేమో రైల్లోనే ఉండిపోయి వెళ్ళిపోయింది.

"ఎలుగుబంటి లేకపోతే నాటకమే లేదమ్మా! మీ దగ్గరుందని చెప్పారు!"

"ఉంది, ఉంది, కూర్చోండి" అన్నాడు తమ్ముడు హుషారుగా. తన స్క్రీన్ గొప్ప చూపించుకునే అవకాశం ఇంతకంటే ఏం దొరుకుతుంది? 'ఎలుగుబంటి' అని కొట్టాడు. ఏమీ రాలేదు. 'ఎలుగు' అన్నాడు. లేదు. 'భల్లూకం' అన్నాడు. లేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. కొత్తగా సర్దాక పాత చోట్లేవీ పనికిరావు. మూడంతస్తులు వెతకాలంటే ఆట ఎప్పుడో అయిపోతుంది.

అక్క తోడికోడళ్ళ వంక చూసింది. ఎప్పుడూ ఒకరి మాటకొకరు అడ్డం పడేవాళ్ళు ఇవాళ నోరు మెదపడం లేదు. పెద్దావిడ రసీదు పుస్తకం తిరగేస్తోంది. చిన్నావిడ నిచ్చెన కాలిని పరీక్షగా చూస్తోంది.

"మీకు తెలుసు కదూ?" అంది అక్క మెత్తగా.

"నువ్వు చెప్పు" అంది పెద్దావిడ.

"నువ్వే చెప్పక్కా, పెద్దదానివి" అంది చిన్నావిడ.

పెద్దావిడ కిటికీ వైపు ఒకసారి చూసి, తమ్ముణ్ణి పక్కకు జరిపి, ఏదో గబగబా టైపు చేసింది. వెంటనే స్క్రీన్ మీద నంబరు, చోటు వచ్చేశాయి. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేలోపు వెనకనుంచి బావ బిగ్గరగా చదివేశాడు. ఆయనకు స్క్రీన్ మీద కనబడింది చదవడం తప్ప లోకం పట్టదు.

"మావయ్యగారు. రెండో అంతస్తు, కిటికీ పక్క బీరువా, పై అర."

కిటికీ దగ్గర మావగారు తలెత్తి చూశాడు. బావ ఇంకా చూస్తూనే ఉన్నాడు. "ఇదేమిటి, అదే పేరు రెండుసార్లు పడింది. ఒకటి కౌంటర్లో ఎక్కించారు, ఒకటి పైన ఎక్కించారు. ఒకటి తీసెయ్యాలి" అన్నాడు సీరియస్‌గా.

పెద్దావిడ, చిన్నావిడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వూనా?"

"నువ్వూనా అక్కా? ఎప్పట్నుంచి?"

"కాపురానికొచ్చిన రోజు నుంచీ!"

అంతే. చిన్నావిడ నిచ్చెన పట్టుకుని నేలమీద కూలబడి నవ్వింది. పెద్దావిడ కౌంటరు మీద తల ఆన్చి నవ్వింది. నాటకాల ఆవిడ తన కంగారు మర్చిపోయి నవ్వింది. అక్కకు కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. అంతలో కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. మావగారు లేచాడు. మెట్లెక్కి పైకి వెళ్ళాడు. కోడళ్ళిద్దరూ నవ్వు ఆపి గబుక్కున లేచి నిలబడ్డారు.

కాసేపటికి మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. గుర్రం పక్కనుంచి ఎలుగుబంటి తల తొంగిచూసింది. కింద తెల్ల చొక్కా, చేతిలో గుండీల డబ్బా. ఒక్క గాండ్రింపు గాండ్రించింది. కుట్టుమిషన్ల గది తలుపు తెరుచుకుని కొడుకులిద్దరూ బయటికొచ్చారు.

పెద్దాయన తల ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. "దీన్ని కుట్టింది నేనేనమ్మా. నమూనాకి ఎవరూ దొరక్క, అద్దం ముందు కూర్చుని కుట్టాను" అన్నాడు. "ఇన్నేళ్ళకు ఇద్దరు గుర్తుపట్టారు."

అప్పుడు మొదలైన నవ్వు ఎంతకీ ఆగలేదు. నాటకాల ఆవిడ తలను పసిబిడ్డలా ఎత్తుకుని, "అందరూ ఆటకు రావాలి, మొదటి వరస మీదే!" అంటూ పరుగెత్తింది.

అందరూ వెళ్ళారు. కొట్టు తలుపుకు తాళం వేసి మరీ వెళ్ళారు. ఎలుగుబంటి రంగం మీదికి రాగానే పిల్లలు కెవ్వుమన్నారు. మావగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వెనక వరసవాళ్ళు కూర్చోమని గోల పెడితే కోడళ్ళిద్దరూ చెరోచెయ్యీ పట్టుకుని కూర్చోబెట్టారు. ఆట మధ్యలో బావ అక్క చెవిలో అడిగాడు: "ఏమోయ్, ఇంతకీ ఆ రెండో పేరు తీసెయ్యాలా, ఉంచాలా?"

"ఉంచండి" అంది అక్క, కళ్ళు రంగం మీంచి తిప్పకుండానే. "ఎవరిది వాళ్ళకి ఉండనివ్వండి."