గుంటక మీదికి పోయిన పలకలు

తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. అందుకే జరిగింది జరిగిన వరసలోనే రాస్తున్నాను.

నారాయణఖేడ్‌లో బోరు మోటార్లకు, ట్రాక్టర్లకు విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాప్ అది. ఉన్నది ఒకటే సీఎన్‌సీ మిషన్, అదీ పాతది. దాని తల పైకీ కిందికీ కదులుతూ ఇనుమును కోస్తుంది. ఆ తలను కదిపే సర్వో డ్రైవ్ అరగంటకోసారి 'ఓవర్‌లోడ్' అని చూపి ఆగిపోతోందట. డిప్లొమా చదివి మిషన్లు బాగుచేసేవాణ్ణి కాబట్టి నన్ను పిలిచారు.

నేను లోపల అడుగుపెట్టేసరికే వర్క్‌షాప్ యజమాని సేటు తీర్పు చెప్పేశాడు.

"గీయిననే ఖరాబు చేసిండు. విత్తనాలేస్తనని రెండ్రోజులు సిర్గాపూర్ వోయిండు. వచ్చి ఆగమాగం నడిపిండు."

గీయిన అంటే ఆపరేటర్. నలభై దాటిన మనిషి. హైదరాబాద్‌లో పదేళ్లు పనిచేసి, ఇంటికి దగ్గరగా పని దొరికిందని తిరిగొచ్చాడు. ఆ పొద్దున అతనితో ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. మిషన్ నా తప్పు వల్లే చెడిపోయింది, పని మానుకుంటున్నాను అని దాంట్లో ఉంది.

"నువ్వు గూడ కింద రాయి తమ్మీ, ఆపరేటర్ తప్పే అని," అన్నాడు సేటు.

చూడకుండా రాయనన్నాను.

ముందు బ్రేక్ చూశాను. కరెంటు పోయినప్పుడు తల జారకుండా అది మోటారును పట్టి ఉంచుతుంది. నడిచేటప్పుడు పూర్తిగా వదలకపోతే లోడ్ పెరుగుతుంది. వదులుతోంది. నూనె అందుతోంది. కేబుళ్లు బాగున్నాయి. తలను ఎత్తి దించే స్క్రూలో చప్పుడు లేదు. ఇంతలో మధ్యాహ్నమైంది. ఆపరేటర్ టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా నా పక్కనే నిలబడి ఉన్నాడు.

అప్పుడు తలను సగం ఎత్తులో ఆపి మీటర్ చూశాను. ఊరికే నిలబడి ఉంటేనే తొంభై శాతం. పైకి పోతే నూట యాభై. కిందికి వస్తే దాదాపు సున్నా. ఎక్కడైనా పట్టేసి ఉంటే రెండు వైపులా లోడ్ చూపాలి. ఇక్కడ మోటారు ఒక్కటే బరువంతా మోస్తోంది.

ఈ మిషన్‌లో తల బరువుకు సమంగా వెనుక స్తంభంలో ఇనుప పలకలు గొలుసుకు వేలాడుతుంటాయి. స్తంభం తలుపు తీశాను. ఎనిమిది పలకలు ఉండాల్సిన కడ్డీకి నాలుగే ఉన్నాయి. విప్పిన నట్లు అడుగున పడి ఉన్నాయి.

"సేటూ, ఇక్కడి పలకలేవి?"

"ఏ పలకలు?"

"ఆకుపచ్చ రంగువి."

"ఓ, గవ్వా? మొన్న గొలుసుకు గ్రీజు వెట్టెతందుకు తలుపు దీసిన. ఊకెనే ఏలాడుతున్నయి. చేన్ల గుంటక దిగుతలేదని దాని మీద కట్టిన."

అతనికి మనూర్ దగ్గర చెలక, అంటే మెట్ట చేను, ఉంది. నేల గట్టిగా ఉండి, మట్టిగడ్డలు పగలగొట్టే గుంటక లోతుకు దిగకపోతే ఇక్కడ దాని మీద రాయి పెడతారు, లేదంటే మనిషిని నిలబెడతారు. సేటు మిషన్ పలకలు పెట్టాడు. ఆపరేటర్ సెలవులో ఉన్న ఆ రెండు రోజుల్లోనే.

"నేను విత్తనాలేయవోతె తప్పు," అన్నాడు ఆపరేటర్ మెల్లగా. "మిషన్ గుంటక గొట్టవోతె తప్పు లేదు."

సేటు నవ్వాడు. "ఇనుమే గద!"

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. నా మీద నాకూ మండింది. వెనుక తలుపు నా జాబితాలో చివరన ఉంది. దాన్ని ముందే తీసి ఉంటే ఆ మనిషి సగం రోజు దొంగలా నిలబడాల్సి వచ్చేది కాదు.

పలకలు ఆటోలో వచ్చాయి, మట్టితో. ఇద్దరం కడిగి బిగించాం. మీటర్ ముప్పై దగ్గర నిలిచింది. నేను పవర్ ఆపేశాను.

"కాగితం తెస్తేనే మళ్లీ ఆన్ చేస్తా."

సేటు అంగీ జేబులోంచి తీసి బల్ల మీద పడేశాడు. "తీస్కో. గింతదానికి గంత కోపమేంది?"

తప్పయిందన్న మాట అతని నోట రాలేదు.

ఆపరేటర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టిఫిన్ డబ్బా కింద దాచాడు. చింపెయ్యన్నా అన్నాను.

"ఉండనీ తమ్మీ," అన్నాడు మిషన్ ఆన్ చేస్తూ. "వచ్చే యేడు గుంటక దిగకపోతె మల్ల పనికొస్తది."