జీపు హారన్‌కు ఒక మాత్ర

ఇద్దరు పిల్లలు చాలనుకున్నాం. ఆపరేషన్ అన్న మాట వింటేనే నాకు లేని కుట్లు నొప్పి పెట్టేవి. అందుకని ఆశా కార్యకర్త గర్భం రాకుండా మింగే మాత్రల అట్ట చేతిలో పెట్టింది.

"దినామూ ఒకే టైముకు మింగల్లక్కా. ఈపొద్దు పొద్దున, రేపు మాపటికి అంటే కుదరదు."

ఒకే టైము! బలసముద్రంలో ఒకే టైముకు జరిగేదేముంది? గోడ గడియారం వెనక బల్లి కాపురముంది, అది కదిలితేనే ముల్లు కదిలేది. ఊరి చుట్టూ సోలార్ పలకలు పరిచి దేశానికంతా వెలుతురు పంపుతున్నాం గానీ, మా వీధి దీపం మాత్రం తనకు తోచినప్పుడు వెలిగేది.

టైము తప్పనిది ఒక్కటే, పలకలు కడిగే ఆడవాళ్లను ఎక్కించుకునే జీపు. ఎండెక్కకముందే కడగాలి కాబట్టి తెల్లవారగానే మలుపులో హారన్ కొట్టేది. ఆ మోతకు పావగడ కొండ ఒక అంగుళం పక్కకు జరిగేది. నేను మాత్ర నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్లు తాగి, సద్ది పట్టుకుని పరిగెత్తేదాన్ని.

ఆ పని నాకు ప్రాణం. వేరుశనగ ఎండినా జీతం ఎండదు. మూడో కడుపొస్తే నీళ్ల పైపు మోయలేను, జీపులో నా చోట ఇంకొకతె కూర్చుంటుంది.

అంతలో వాన పడింది. మా తాలూకాలో వానంటే చుట్టపుచూపుగా వచ్చి చెప్పులు విప్పకుండానే పోయేది. ఈసారి మాత్రం మంచమేసుకుని పడుకుంది. పలకలను వానే కడుగుతుంటే మేమెందుకు? రెండు రోజులు జీపు రాలేదు. వాన కాస్త తెరిపిచ్చినప్పుడల్లా చేలల్లో పడ్డాం.

మూడోనాడు హారన్ మోగింది. అలవాటుగా చేయి గూట్లోకి పోయింది. అట్టలో ఉండకూడని రెండు మాత్రలు నన్ను చూసి గుడ్లు మిటకరించాయి.

ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను.

"రెండు దినాలా! ఇప్పుడొకటి మింగి, మిగిలినవి ఎప్పటి మాదిరే మింగు. ఏడు దినాలు మీ ఆయన్ని దూరం పెట్టు."

మా ఆయన మంచం గొర్రెల దొడ్లోకి పోయింది.

"నేనేం తప్పు చేసినానే?"

"నువ్వు కాదులేయ్యా, వాన చేసినాది."

తెల్ల మాత్రలు అయిపోయి చివరి వరుసలోని ఇటుకరంగువి వచ్చాయి. నెలసరి ఆ వరుసలోనే రావాలి. మొదటిది మింగాను, రాలేదు. రెండోది, రాలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. నిమ్మకాయ చూస్తే నోరూరింది. నిమ్మకాయకు ఎవరికైనా నోరూరుతుందని తోచనే లేదు. ఒకే పలకను మూడుసార్లు కడిగి, అందులో నా పొట్టను అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నాను.

"ఏమ్మే, ఆ పలకను పెండ్లికూతుర్ని చేస్తాండావా?" అంది పక్క వరుసామె.

ఇంటికొస్తే అత్త పట్టుకుంది. "ఏందే, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?"

దాచలేక చెప్పేశాను. మాత్రల సంగతి వింటే కోప్పడుతుందనుకున్నాను. ఆమె బుగ్గన చేయి పెట్టుకుంది.

"జీపు రాలేదని మాత్ర మింగలేదా? మరి అన్నమెట్ల తింటివే?"

నాలుగో ఇటుకరంగు మాత్ర మింగిన రోజు, పలకల మధ్య నిలబడి ఉండగా నడుములో ఆ పాత నొప్పి మొదలైంది. నెలనెలా తిట్టుకునే నొప్పికి ఆ పూట పైపు కింద పెట్టి రెండు చేతులా దండం పెట్టాను.

కొత్త అట్ట మొదలైన పొద్దున జీపు ఇంకా రాలేదు. దొడ్లో గొర్రెలను విప్పుతున్న అత్త వీధి వీధంతా వినేలా అరిచింది.

"ఏమే, మాత్ర మింగినావా?"

గొర్రెలన్నీ నావైపు తిరిగాయి. ఎదురింటి వాళ్లూ తిరిగారు. గబుక్కున మింగాను.