ఎండకో చక్రం, చలికో చక్రం

బుడ్డమ్మా! పలకవని తెలుసు. అయినా పొద్దున లేవగానే నోరు ఆ పేరే పిలుస్తోంది. నోటికేం తెలుసు.

చదివేవాళ్ళకి చెప్పాలి కదా. మా అమ్మాయి మార్చి నెలలో పోయింది. రక్తంలో జబ్బు. ఏడాది పైన మందులు మింగింది, సూదులు పొడిపించుకుంది, జుట్టంతా ఊడిపోతే "అమ్మా, నాకు జడ వేసే పని తప్పింది నీకు" అని నవ్వింది. ఆస్పత్రిలో ఒక చెయ్యి నా చేతిలో, ఒక చెయ్యి వాళ్ళాయన చేతిలో పెట్టి నిద్రలోనే వెళ్ళిపోయింది. ఈ పరాయి దేశంలో మేముండే గంగాలిన్‌లో మనవాళ్ళంతా వచ్చారు, వంతులేసుకుని అన్నం వండి తెచ్చారు. మన పత్రికకి నాలుగు మాటలు రాయండి ఆంటీ అన్నారు. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకోండి. అది నన్ను ఏడిపించిన రోజులు తక్కువ, నవ్వించిన రోజులు ఎక్కువ. ఎక్కువ ఉన్నవే రాస్తాను.

ముందు అది పోయాక మా ఇంట్లో వచ్చిన పేచీ చెప్పాలి. మా అల్లుడు నర్సు. తెల్లారకుండా బయల్దేరి కూమా అనే ఊరు దాటి కొండల వైపున్న ఇంకో ఊరి ఆస్పత్రికి డ్యూటీకి వెళ్తాడు. చలికాలం ఆ రోడ్డు మీద కంటికి ఆనని మంచు పొర కడుతుంది, సబ్బునీళ్ళు పోసిన గచ్చులాగ. అందుకని మా అమ్మాయి ఏటా చలి మొదలవగానే కారుకి చక్రాలు మార్చేసేది. ఈ ఏడు అల్లుడు మార్చనివ్వలేదు. "ఆ నట్లు తను బిగించింది అత్తయ్యా, నేను విప్పను" అన్నాడు. అనేసి ఎండాకాలం చక్రాలతోనే ఆ రోడ్డు మీదకి పోతున్నాడు. ఆయన తిరిగొచ్చి గ్యారేజీ తలుపు చప్పుడయ్యేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

చక్రాలు మార్చడమేంటని మీరనుకోవచ్చు. మంచు పడని ఊరు టార్నీట్‌లో ఉండే మా తోటికోడలి కొడుకు ఏడాదంతా ఒకే టైర్లతో తిరుగుతాడు. ఈ ఊళ్ళో కూడా చాలామంది అంతే. మా అమ్మాయికి ఈ పట్టు ఎలా వచ్చిందంటే, చదువుకోడానికి వచ్చిన కొత్తల్లో ఇదీ ఇంకో ముగ్గురు పిల్లలూ మంచు చూద్దామని ఒక పాత కారేసుకుని వెళ్ళారట. మలుపులో కారు మాట వినలేదు. గిర్రున తిరిగి కంచె పక్కన ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. మిగతావాళ్ళు దిగి దేవుడికి దండాలు పెట్టుకుంటుంటే, ఇది దిగి టైరు మీద ఏం రాసుందో చదివిందట. అదీ మా అమ్మాయి.

నేను వచ్చి దాని దగ్గరుండటం మొదలుపెట్టిన ఏడు, గారెలు వేస్తున్నదాన్ని చెయ్యి పట్టుకుని గ్యారేజీలోకి లాక్కెళ్ళింది.

"చదువమ్మా."

"నాకు ఇంగ్లీషేం వచ్చే?"

"అంకెలు వచ్చుగా."

టైరు పక్కన ఉబ్బెత్తుగా ఉన్నాయి. 235, 50, 18. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో నూటికి ఎన్ని పాళ్ళు రబ్బరు ఎత్తు అని. చివరిది మధ్యలో ఉండే చక్రం, అంగుళాల్లో. ఇది ఎండాకాలానిది. పక్కన చలికాలానిది, 215, 60, 17.

"చక్రం చిన్నదయింది కదే, కారు కుంగిపోదూ?" అన్నాను.

"చక్రం తగ్గింది, రబ్బరు పెరిగింది. పై కొలత అంతే ఉంది."

కాసేపు ఆలోచించి, "అంటే గారెకి కన్నం చిన్నది పెడితే చుట్టూ పిండి మందంగా ఉంటుంది, గారె మాత్రం అంతే. అంతేనా?" అన్నాను.

నూనె చేతులతో ఉన్నదాన్ని వాటేసుకుంది. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా "మా అమ్మ గారె లెక్క" అని చెప్పడమే. పై కొలత మారిపోతే స్పీడు చూపించే ముల్లు అబద్ధం చెప్తుందట. మరి పదహారు పెట్టరాదా అంటే, లోపల బ్రేకు తగులుతుందట. టైరు సన్నగా ఉంటే మంచులోకి దిగి నేలని పట్టుకుంటుంది, వెడల్పుగా ఉంటే పైపైన తేలుతుంది. మంచులో జారకుండా టైరుకి ఇనప గొలుసులు తొడగాల్సి వచ్చినా సన్నటిదానికి చోటుంటుంది. వేడి రోడ్డు మీద మాత్రం వెడల్పుగా, పొట్టిగా ఉన్నదే మలుపులో ఊగకుండా నిలబడుతుంది. రబ్బరులో కూడా తేడా ఉంది. ఎండాకాలంది చలికి పేరిన నెయ్యిలా బిగుసుకుపోతుంది. చలికాలంది ఎండలో నడిపితే వెన్నలా అరిగిపోతుంది. ఇవన్నీ నాకు పాఠం లాగా చెప్పలేదు, పప్పులో తాలింపు వేస్తూ, బట్టలు మడతపెడుతూ చెప్పింది.

"ముచ్చటకి కాదమ్మా, కొలతకి కొనాలి" అనేది. డ్రైవరు తలుపు తీస్తే అక్కడ ఒక కాగితం అంటించి ఉంటుంది, ఏ సైజులు వేయొచ్చో. ఎవరు సలహా అడిగినా ముందు ఆ తలుపు తీయించేది. పెళ్ళిచూపుల్లో పిల్ల కన్నా ముందు జాతకం అడిగినట్టు.

ఒకసారి మా వెనకింట్లో బార్బెక్యూకి పిలిచారు. అక్కడ మనవాడే ఒక కుర్రాడు కారుకి పెద్ద పెద్ద మెరిసే చక్రాలు వేయించుకొచ్చాడు. ఇరవై అంగుళాలట. రబ్బరు చూద్దామంటే గాజు చుట్టూ దారం కట్టినట్టుంది.

"అక్కా, మీ టైర్లేంటి ట్రాక్టరు టైర్లలా ఉన్నాయి?" అన్నాడు వాడు.

"నావి చెప్పులు రా తమ్ముడూ, నీవి పట్టీలు. పట్టీలేసుకుని ఎంత దూరం నడుస్తావో నడువు" అంది.

అందరూ పకపకా నవ్వారు. నెల తిరక్కుండానే వాడు ఫోన్ చేశాడు. గుంతలో పడి చక్రం అంచు వంగిపోయిందట. ఇంకొకళ్ళయితే చెప్పానా అని దెప్పేవాళ్ళు. ఇది మాత్రం "భోంచేశావా? ఎక్కడున్నావు? అక్కడే ఉండు" అని చెప్పి వెళ్ళింది. వాణ్ణి వెంటబెట్టుకొచ్చి నాచేత అన్నం పెట్టించింది. తిన్నాక తలుపు తీయించి కాగితం చదివించింది.

నాకూ దానికీ తగువులు కూడా ఈ చక్రాల దగ్గరే. వాడని నాలుగు చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి గ్యారేజీలో పెట్టేది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వాటిని చూస్తే నాకు గుండ్రటి అరుగులా కనిపించింది. పెరట్లోకి దొర్లించి, పైన పాత చీర పరిచి, గుమ్మడి వడియాలు పెట్టాను. సాయంత్రం అది ఆఫీసు నుంచి వచ్చి చూసి నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"అమ్మా! టైర్లకి ఎండ తగలకూడదే!"

"వడియాలకి తగలాలి కదే!"

చివరికి టైర్లు నీడకి పోయాయి. వడియాలు వేయిస్తే రబ్బరు వాసన. అల్లుడు పాపం నోరెత్తకుండా రెండు తిన్నాడు. ఇది ఒకటి కొరికి, "ఈ వడియం వేసుకుని కొండ ఎక్కొచ్చు, జారదు" అంది.

ఈ దేశంలో కాలాలు మనకి తలకిందులు, చలి ఏప్రిల్‌లో మొదలై అక్టోబరుకి తగ్గుతుంది. ఈ ఊళ్ళో దొరలకి ఒక పట్టుంది. ఏప్రిల్‌లో యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే ఆన్జాక్ డే వచ్చేదాకా ఇంట్లో హీటర్ వెయ్యరు. మా అమ్మాయి ఆ రోజే చక్రాలు మార్చేది. మళ్ళీ అక్టోబరులో లాంగ్ వీకెండ్‌కి ఎండాకాలంవి ఎక్కించేది. అది జాకీ పెడితే నేను పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని నిలబడేదాన్ని. కొత్త కారు కాదమ్మా అన్నా వినేదాన్ని కాదు. చక్రం మారింది అంటే బండి మారినట్టే. బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడితే అది వాటి మీదుగా కారు పోనిచ్చి ఒక చుట్టు తిరిగొచ్చేది. పూజయ్యాక ఇక ఎవరూ చెయ్యి పెట్టకూడదని మా ఊరి పద్ధతి. ఇదేమో కొంత దూరం నడిపాక నట్లన్నీ మళ్ళీ బిగించి చూడాలనేది. "పూజ చేసినదాన్ని ముట్టుకోకూడదే" అని నేను. "ఈ పూజకి రెండో రోజు కూడా ఉందమ్మా" అని అది. ఏటా ఇదే వాదన, ఏటా అదే గెలిచేది.

ఈ ఏడు ఆన్జాక్ డే వచ్చింది, పోయింది. మే నెలా పోయింది. ఒక ఆదివారం పొద్దున చూస్తే పెరట్లో గడ్డంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. మర్నాడు అల్లుడికి డ్యూటీ. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"బాబూ, ఆ నట్లు చివర బిగించింది ఎవరో మీకు తెలుసా?"

"తనే కదా అత్తయ్యా. అక్టోబరులో. నేను డ్యూటీలో ఉన్నాను."

"మొదటి రోజు అదే. రెండో రోజు?"

ఆయన కప్పు కింద పెట్టాడు.

రెండో రోజు దానికి ఓపిక లేదు. దుప్పటి కప్పుకుని గ్యారేజీలో కుర్చీలో కూర్చుంది. సరిపడా బిగిశాక టక్కుమని చప్పుడు చేసే రెంచీ నా చేతికిచ్చింది. "టక్కుమనేదాకా లాగమ్మా. టక్కుమన్నాక ఆపెయ్యి. ఎక్కువ బిగించడం కూడా తప్పే" అంది. నేను పైట నడుముకి దోపుకుని లాగాను. ఒక్కో నట్టూ టక్కుమంటుంటే అది చప్పట్లు కొట్టింది. "పూజ చేసినదాన్ని ముట్టుకున్నావుగా, ఇక నేను గెలిచినట్టే" అంది.

ఇదంతా చెప్పాను ఆయనకి. చెప్పి, "కాబట్టి ఆ నట్ల మీద చివరున్నది నా చెయ్యి. నా చేత్తో బిగించింది నేనే విప్పుతాను. దాని చెయ్యి మీరు పట్టుకున్నారు కదా బాబూ, అది మీ దగ్గరే ఉంది. దాన్ని జారే రోడ్డు మీదకి తీసుకెళ్ళకండి" అన్నాను.

ఏడుస్తాడనుకున్నాను. ఆయన, "అంటే అత్తయ్యా, అక్టోబరు నుంచి నేను మీరు బిగించిన నట్లతో తిరుగుతున్నానా?" అన్నాడు.

"ఊడలేదుగా బాబూ."

నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మార్చి తర్వాత ఆ ఇంట్లో మగగొంతు నవ్వడం అదే మొదలు. వెంటనే ఇద్దరం గ్యారేజీలోకి పోయాం. ఆయన జాకీ పెట్టాడు, నేను నట్లు వదులు చేశాను. పద్దెనిమిది దిగింది, పదిహేడు ఎక్కింది. మర్నాడు డ్యూటీ నుంచి రాగానే "రెండో రోజు అత్తయ్యా" అని ఆయనే రెంచీ తెచ్చి నా చేతికిచ్చాడు.

మొన్న గురువారం కొండల మీద బాగా మంచు పడిందన్నారు. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా కారు నిదానంగా వీధి మలుపు తిరిగింది. పైకప్పు మీద జానెడు మంచు, పరుపు పరిచినట్టు, కదలకుండా కూర్చుని వచ్చింది. గంగాలిన్‌లో ఎండ కాస్తోంది. ఆ ఎండలో అది మెరుస్తూ, అద్దాల మీదుగా చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంది. అల్లుడు దిగి, "ఆకలేస్తోంది అత్తయ్యా" అన్నాడు. ఇన్ని నెలల్లో ఆ మాట ఆయన నోట వినలేదు. వేడన్నంలో పప్పుచారు పోశాను, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. నేనూ పక్కనే కూర్చుని తిన్నాను. కిటికీలోంచి చూస్తే కారు మీద మంచు ఇంకా కరుగుతూనే ఉంది.

మీరు కూడా వేళకి కడుపునిండా తినండి.