ఇద్దరెత్తే టాపు

మా బావగారు నరహరిరావు నిర్యాణవార్త నాకు కాలేజీ స్టాఫ్‌రూములో ఉండగా అందింది. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే చిక్కడపల్లి మార్కెట్లో ఎదురై, తన బెండకాయల సంచి నా చేతికి తగిలించి, "బామ్మర్దీ, రేపు ఇంటికి రా, టాపుకు పాలిష్ కొడుతున్న" అన్న మనిషి! ఆటోలో అశోక్‌నగర్ చేరేసరికి వాకిట్లో ఆయన ఎర్ర కారు బోడితలతో నిలబడి ఉంది. విప్పిన టాపు గోడకు ఆనించి ఉంది, సగం మెరుస్తూ, సగం మెరవకుండా. పాలిష్ గుడ్డ పట్టుకొని కుర్చీలో కాసేపు నడుం వాల్చారట. అక్క చాయ్ తెచ్చేసరికి అంతా అయిపోయింది. అంతటి ఉత్సాహమూర్తి అంత నిశ్శబ్దంగా ఎలా వెళ్లగలిగాడో నాకు అర్థం కాదు. నిజం చెప్పాలంటే కోపంగా కూడా ఉంది.

బావ నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. కానీ నారాయణగూడ నుంచి గాంధీనగర్ దాకా ఆయనను ఆ ఉద్యోగంతో ఎరిగినవారు లేరు. "ఎర్ర కారు సార్" అంటే చాలు, పాన్‌డబ్బా వాళ్లు కూడా ఇల్లు చూపించేవారు. ఒక పాత దేవిడీకి, అంటే నవాబుల నాటి భవంతికి, మరమ్మతు ప్లాను గీయడానికి వెళ్లి, అక్కడి కొట్టంలో ఆ బండిని చూశారు. విలాయతి స్పోర్ట్స్ కారు. ఇద్దరికే సీట్లు, నెత్తిన విప్పి పెట్టుకొనే ఫైబరు టాపు. అప్పటికి దానిలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. "కోళ్లు ఒప్పుకుంటె తీస్కపో" అన్నాడట ఆ ఇంటి పెద్దాయన. కోళ్లు ఒప్పుకున్నాయి, మా అక్క ఒప్పుకోలేదు. అయినా బండి వచ్చింది. దాన్ని నడిపించడానికి బావకు ఏళ్లు పట్టింది.

అక్క సుగుణమ్మ అప్పుడు నారాయణగూడలో ఒక బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలు. ఆమె కళ్లెర్రజేస్తే గంట కొట్టకుండానే బడి నిశ్శబ్దమయ్యేది. అటువంటి మనిషి ఎలాగో మెత్తబడి, ఒక పెళ్లి విందుకు పట్టుచీర కట్టుకొని ఆ కారెక్కింది. బావ ఆనందంలో టాపు కొండీల్లో ఒకటి బిగించడం మరిచారు. లోయర్ ట్యాంక్ బండ్ మీద గాలికి టాపు లేచింది, ఎగిరింది, వెనక వస్తున్న నీళ్ల ట్యాంకర్ కింద పడి మూడు ముక్కలైంది. అక్క కొప్పులోని మల్లెచెండు కూడా దానితోపాటే పోయింది. నడిరోడ్డు మీద దిగి ఆమె చేసిన ప్రతిజ్ఞను ముషీరాబాద్ దాకా విన్నారు.

"దీని నెత్తి మీద కప్పు పడేదాక నేను దీంట్ల కాలు వెట్ట!"

ముక్కలు ఏరుకుంటున్న బావ తలెత్తారు. "సుగుణా, నీ రిటైర్మెంట్ నాడు దీంట్లనే ఇంటికి తోల్కపోత. టాపు వెట్టి. రాస్కో."

అక్క రాసుకోలేదు, ఆటో ఎక్కింది. ఆమె పదవీ విరమణ ఆ ఏడే జూలై ఆఖరున, నడి వానాకాలంలో! అంటే బావకు మిగిలింది ఒక్క ఎండాకాలం. ఓడిపోతే అక్క ఆ బండిలో మళ్లీ కూర్చోదని ఆయనకు బాగా తెలుసు. ఆమె ఎక్కని బండి ఆయనకెందుకు?

ఆ వేసవి మా జీవితాల్లో ఒక మహాయజ్ఞం. వాకిలంతా గాజునూలు గుడ్డలు, రెజిన్ జిగురు డబ్బాలు, ముక్కులు బద్దలయ్యే వాసన. రెజిన్‌లో హార్డెనర్ చుక్కలు కలిపితే కొన్ని నిమిషాల్లో గడ్డకడుతుంది, ఆలోగానే పూసెయ్యాలి. మొదటిరోజు బావ అక్క స్నానాల మగ్గులో కలిపి, బ్రష్షు ఎత్తారు. సరిగ్గా అప్పుడే అక్క గడపలోకి వచ్చింది.

"జర ఆగుండ్రి. రాహుకాలం నడుస్తుంది. ఇంక పది నిమిషాలే."

ఎన్ని చోట్ల ఎదురు మాట్లాడినా, ముహూర్తాల విషయంలో బావ అక్క మాట జవదాటలేదు. ఆగారు. నేనూ పక్కన భక్తిగా నిలబడ్డాను. రాహుకాలం పోయింది. బావ కలుపుడు పుల్ల ఎత్తితే పుల్లతోపాటు మగ్గు కూడా లేచింది. అందులోని రెజిన్ బండరాయి అయి ఉంది. బావ మగ్గును అటూ ఇటూ తిప్పి చూసి, "రాహువు సంగతేమో గని, హార్డెనర్ మాత్రం టైముకు వస్తది" అన్నారు. ముగ్గురం కడుపులు పట్టుకొని నవ్వాం. ఆ మగ్గు పుల్లతో సహా ఇంకా వాళ్ల ఇంట్లో ఉంది.

రెండోసారి డాబా మీద ఇసుక కుప్ప పోసి, దానిమీద ముక్కలు పేర్చి చక్కగా అతికించారు. చూడముచ్చటగా వచ్చింది. బండి మీద పెడితే ఒక మూల నాలుగు వేళ్ల ఎత్తు లేచింది! ఎవరైనా తల పట్టుకుంటారు. బావ ఈల వేశారు. మళ్లీ కోసి, ఈసారి ముక్కలను బండి మీదే వాటి వాటి చోట్ల కూర్చోబెట్టి, కింద పాలిథీన్ పరచి అతికించారు. "ఇరిగినదాన్ని యాడబడితే ఆడ అతికించొద్దు బామ్మర్దీ, అది ఉండాల్సిన చోట వెట్టి అతికియ్యాలె" అన్న ఆయన మాట ఇళ్లలో తగవులు తీర్చడానికి నేను చాలాసార్లు వాడుకున్నాను. పనిచేస్తుంది.

ఒక్కటి మాత్రం నాకు వింతగా తోచింది. గుడ్డ రెండు పొరలు వేస్తే చాలని దుకాణం వాడు చెప్పాడు. బావ నాలుగు పరిచారు. "బరువైతది బావా, ఒక్కరు ఎత్తలేరు" అన్నాను. వినబడనట్టు బ్రష్షు మళ్లీ రెజిన్‌లో ముంచారు.

జూలై ఆఖరి రోజు వచ్చింది. సన్మానం ముగిసి, శాలువా, మెడనిండా దండలతో అక్క గేటు బయటికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. ఎదురుగా ఎర్ర కారు, బోడితలతోనే! అక్క ముఖం చూడలేకపోయాను. టీచరమ్మలంతా గేటు దగ్గర గుమిగూడారు. మొదటి చినుకు పడింది. బావ నిదానంగా సీట్ల వెనక నుంచి టాపును ఈడ్చి బండి అంచుకు ఆనించి, కుడిపక్కన నిలబడ్డారు.

"సుగుణా, ఆ పక్క పట్టు."

"నేనా?"

"నువ్వే. నేను ఊఁ అన్నప్పుడు నొక్కు."

అక్క దండలు వెనక్కి తోసుకొని, శాలువా నడుముకు చుట్టి పట్టింది. "ఊఁ!" అన్నారు బావ. రెండు కొండీలూ ఒకేసారి టక్కున పడ్డాయి. బడి అంతా చప్పట్లు! మరుక్షణం కుండపోత. నేను స్కూటర్ మీద నిలువునా తడుస్తూ, ఆనందంతో పిచ్చివాడిలా అరుస్తూ వారి వెంట వెళ్లాను. చిక్కడపల్లి దాటాక అక్క, "మోకాలు మీద ఒక చుక్క పడ్డది" అన్నదట. "అది చెమట" అన్నారట బావ. ఇంటి మలుపు వచ్చాక అక్కే, "ట్యాంక్ బండ్ దాక పోనియ్యుండ్రి" అన్నదట. ఆ మాట బావ నాకు ఎన్నిసార్లు చెప్పారో!

నాలుగు పొరల రహస్యం ఆ రాత్రి భోజనాల దగ్గర బయటపడింది. అక్క వంటింట్లో ఉండగా నా చెవిలో అన్నారు: "పల్చగ చేస్తె ఒక్కన్నే వెట్టుకుంటుంటి. మీ అక్క ఎప్పటిలెక్కనే ఇంట్ల కూసుంటుండె."

అప్పటినుంచి ఈ అయిదేళ్లూ ఆ టాపు వారిద్దరూ కలిసి ఎత్తనిదే లేవలేదు. ఎంత తగవులాడుకున్న రోజైనా మబ్బు పట్టగానే ఇద్దరూ వాకిట్లో చెరో పక్క చేరేవారు. మాట లేకపోయినా ఆ "ఊఁ" ఉండేది. ఆ దాంపత్యానికి నేను ప్రత్యక్ష సాక్షిని. అటువంటి సరసుడు, అటువంటి మొండివాడు మా వంశంలో మళ్లీ పుట్టడు. ఆయన స్మృతికి సాష్టాంగ నమస్కారం.

పదోరోజు కర్మ జరుగుతుండగా ఉరిమింది. టాపు అప్పటికీ గోడకే ఆనించి ఉంది. చుట్టాల మధ్యనుంచి అక్క లేచి వాకిట్లోకి నడిచింది. "తమ్మీ, ఆ పక్క పట్టు" అంది. పట్టాను. అబ్బ, ఎంత బరువు! ఇద్దరం ఎత్తి బండిమీద ఆనించి, చేతులు కొండీల మీద పెట్టి నిలబడ్డాం. వాన మొదలైంది. అక్క కదలలేదు, నేనూ కదలలేదు. ఇద్దరం ఆ "ఊఁ" కోసం చూస్తున్నామని కొంతసేపటికి గాని నాకు తెలియలేదు.

చివరికి అక్కే కళ్లు మూసుకొని "ఊఁ" అంది. ఆమె కొండీ పడింది. నాది కాస్త ఆలస్యంగా పడింది.